తాళాల చెక్క

మూసిన తలుపుకు వీపు ఆనించి కూర్చోవద్దని అమ్మ చెప్పి పోయింది కాబట్టి నవనీత అరుగు చివరికి జరిగి కూర్చుంది. అయినా తలుపు తన వెనకే ఉందని వీపుకు తెలుస్తూనే ఉంది, బస్సులో వెనక సీటు నుంచి ఎవరో మనల్నే చూస్తుంటే తెలుస్తుందే, అట్లా. తలుపు నిండా దుమ్ము. గొళ్లానికి ఇనుప తాళం, తాళానికీ చెక్కకూ మధ్య సాలెగూడు. గడపకు ఎప్పుడో రాసిన పసుపు వెలిసిపోయి గడప ముసలిదాని చెయ్యిలా తెల్లబడింది. నాయనమ్మ కొమురమ్మ పోయింది ధనిష్ఠ నక్షత్రంలో. ఆ నక్షత్రంలో ఇంట్లో ప్రాణం పోతే ఆ ఇంట్లో ఆరు నెలలు దీపం పెట్టకూడదు, మనుషులు మసలకూడదు, తాళం వేసి పోవాలి. అట్లాగే పోయారు, గిన్నెలు కడిగి బోర్లించి, దండెం మీది బట్టలు దండెం మీదనే వదిలి, మిర్యాలగూడలో నాయిన పనిచేసే మిల్లు దగ్గర ఒక కిరాయి రూముకు. ఇవాళ్టితో ఆ గడువు తీరింది. పొద్దు గూకక ముందే తలుపు తీసి, ముందు ఆవును లోపలికి తోలి, దాని వెనక మనుషులు పోయి పాలు పొంగించాలి. ఆవును తేవడానికి అమ్మ వెంకటయ్య దొడ్డికి పోయింది. తాళంచెవి మేనత్త నాగరాణి దగ్గర ఉంది కాబట్టి ఆమెను తీసుకురావడానికి నాయిన ఊళ్లో ఒకరి బండి తీసుకొని కోదాడ పోయాడు. నవనీతకు ఎవ్వరూ ఏ పనీ చెప్పలేదు. చెప్పని పని ఒకటి తనే పెట్టుకుంది, ఆ పని ఇప్పుడు ఒడిలో ఉంది.

ఒడిలో ఉన్నది మూరెడు పొడుగు చెక్క. వెనక దొడ్లో, పాత గొర్ల కొట్టం పక్కన, విరిగిన కర్రలూ పగిలిన పెంకులూ కుప్పేసిన చోట దొరికింది. మట్టి పట్టి ఉన్నా బరువుగా ఉంది, చెదలు ముట్టలేదు, తుమ్మకట్టె అయి ఉంటుంది. ఒక కొస పగిలితే దాన్ని కోసేసింది. రంపం, సుత్తె పక్కింటి చంద్రకళ పిన్ని ఇచ్చింది. ఇస్తూ ఇస్తూ నవనీతను కింది నుంచి పైదాకా చూసింది. "ఇంటర్ చదివేటోళ్లకు గిప్పుడు వడ్లపని గూడ నేర్పుతున్రా ఏంది కాలేజీల?" అంది. నవనీత నవ్వింది. "నవ్వుతవ్ గాని నోరు తెరువవు. మూసిన ఇంటి ముంగట ఒక్కదానివే గూసుంటవా? మా ఇంట్ల గూసోరాదు, టీవీ నడుస్తుంది." నవనీత తల అడ్డంగా ఊపింది. "నీ ఇష్టం తల్లీ. సుత్తె మా మామది, పోగొడితే నన్ను పట్టుకొని కొడ్తడు దాంతోనే," అని పిన్ని లోపలికి పోయింది. పోతూ పోతూ ఒకసారి ఆ తలుపు వైపు చూసి, చూడనట్టు పోయింది. ఊళ్లో అందరూ ఈ ఇంటిని అట్లాగే చూస్తున్నారు. పొద్దున బస్సు దిగి వస్తుంటే అరుగుల మీది ఆడవాళ్లు అమ్మను పలకరించారు గాని ఇంటి మాట ఎత్తలేదు. ఆరు నెలలు ఖాళీగా ఉన్న ఇంట్లో ఏముంటుంది, ఎలకలు ఉంటాయి, దుమ్ము ఉంటుంది, నీళ్ల కుండ అడుగున ఎండిన గీత ఉంటుంది. ఇంకేముంటుంది. ఇంకేమీ ఉండదని పగలు అనుకోవడం తేలికే, అందుకే నవనీత పొద్దు వైపు చూసింది. పొద్దు ఇంకా చంద్రకళ పిన్ని వాళ్ల చింతచెట్టు మీదనే ఉంది.

ఉప్పు కాగితం మిర్యాలగూడలో కొన్నది, కొక్కేలు కూడా అక్కడే, ఇత్తడి రంగువి, మెలిక తిరిగిన మొనలతో. కట్టె చారల వెంబడే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీరుకుపోతుంది. రుద్దుతుంటే చుర్ చుర్ మని చప్పుడు. మట్టి పొడిలా రాలి లంగా మీద పడుతోంది. ఇట్లాంటి చెక్కను మొదట చూసింది మిర్యాలగూడ కిరాయి ఇంట్లోనే. ఓనరు వాళ్ల గుమ్మం లోపల, కుడిచేతి వైపు గోడకు, నాలుగు కొక్కేల చెక్క. బండి తాళం, బీరువా తాళం, మేడ మీది గది తాళం, వీళ్ల రూము తాళం, అన్నీ అక్కడే వేలాడుతుండేవి, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకొని పోవడమే. మొదటి రోజు అమ్మ ఆ చెక్క ముందు నిలబడి, "తీసుకోవచ్చునా అండీ?" అని ఓనరమ్మను అడిగింది. ఓనరమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "మీ రూము తాళమే కదా," అంది. తర్వాత కొన్నాళ్లకు అమ్మ అడగడం మానేసింది. ఇంకా కొన్నాళ్లకు, ఒక సాయంత్రం కాలేజీ బస్సు దిగి నవనీత సందు మలుపులో ఆగిపోయింది, ఎందుకంటే ఎదురుగా అమ్మ కూరగాయల సంచితో వస్తోంది, తాళంచెవి ఉంగరాన్ని చూపుడు వేలికి తగిలించుకొని గిరగిరా తిప్పుకుంటూ వస్తోంది, చిన్నపిల్లలా, ఎవరూ చూడడం లేదనుకొని. అమ్మకు ఆ వేలు ఉందని అప్పటిదాకా నవనీతకు తెలియనట్టే అనిపించింది. పిలిస్తే ఆగిపోతుందని పిలవలేదు. వెనక్కి తిరిగి, ఇంకో సందులోంచి చుట్టూ తిరిగి ఇంటికి పోయింది.

ఆ అమ్మే మొన్న రాత్రి అన్నం పెడుతూ నాయినతో అంది, "తాళం వదినె నడుముకే ఉంటదంటే నేను ఆ ఇంటికి రాను." గొంతు పెంచకుండా, పప్పు వడ్డిస్తూనే అంది. నాయిన పరశురాములు ముద్ద చేతిలోనే పట్టుకొని, "అది మా అమ్మ తాళం. అక్కను ఎట్ల అడగాలె?" అన్నాడు. "అడగకు. నేను అడగమంటున్ననా? రాను అంటున్న, అంతే. నేను, పిల్ల ఈడనే ఉంటం. నువ్వు పో." ఆ తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఇవాళ అమ్మ వచ్చింది, అరుగు ఊడ్చింది, కళ్లాపి చల్లింది, ఆవు కోసం పోయింది. కాని బట్టల సంచి తేలేదు. కట్టుబట్టలతో వచ్చింది. ఆఖరి బస్సు ఎప్పుడుంటుందో కండక్టరును అడిగి మరీ దిగింది. అడగడం నాయిన వినలేదు, నవనీత విన్నది. అందుకే ఈ చెక్క. ఎవరి నడుముకూ కాకుండా, ఎవరి చేతికీ కాకుండా, గోడకు ఉంటే. గోడకు ఉంటే అడగాల్సిన పని ఉండదు. ఈ మాట అత్తతో నోటితో చెప్పడం నవనీత వల్ల కాదు. ఊరి బళ్లో హాజరు పిలిస్తే ఎస్ సార్ అనేది, అన్నది తన చెవికే వినపడేది కాదు, సారు గైరుహాజరు వేసేవాడు. ఎదురుగా బెంచీ మీద కూర్చొని ఉండగానే లేనిదయ్యేది. "గిది మాట్లాడితే పిల్లి నడిసినట్టు ఉంటది," అనేది నాయనమ్మ.

నాయనమ్మ నడిస్తే మాత్రం వాడ చివరి నుంచే తెలిసేది. మొలకు నల్లతాడు, ఆ తాడుకు తాళంచెవి, ఉంగరంలాంటి తలతో జానెడు పొడుగు ఇనుప చెవి, అడుగు అడుగుకూ నడుం బిళ్లకు తగిలి టింగుమనేది. పడుకున్నా అది నడుముకే, స్నానం చేసినా నడుముకే. ఇంకో చెవి చేయించమని నాయిన అంటే, "ఒక ఇంటికి ఎన్ని తాళాలురా?" అనేది. తాత మంగయ్య ఏడాదిలో సగం గొర్రెలు తోలుకొని కృష్ణ ఒడ్డు వెంబడి పోయేవాడట, మేత ఉన్నంతకాలం రాడట, పెళ్లయిన కొత్తలో ఈ ఇంట్లో ఒక్కతే ఉండేదట, ఎలుక కదిలినా లేచి తాళం తడుముకునేదట. "మీ తాత ఎన్నడన్న ఉన్నడానే ఇంట్ల? నాకు ఇదే పెనిమిటి," అని తాళంచెవిని ఎత్తి చూపించి పళ్లు లేని నోటితో నవ్వేది. నవనీతకు ఆ కథ ఇష్టమే. కాని ఆ కథ పక్కనే ఇంకోటి ఎప్పుడూ కనపడుతుంది. నాట్ల రోజుల్లో ఒక మధ్యాహ్నం వాన, అమ్మ ఒళ్లంతా బురదతో పొలం నుంచి వచ్చి ఈ అరుగు మీదనే, సరిగ్గా ఇక్కడే, తడిసి కూర్చుంది. నాయనమ్మ తాళం వేసుకొని హుజూర్‌నగర్ అంగడికి పోయింది. చలికి అమ్మ పెదాలు నీలంగా అయ్యాయి. చంద్రకళ పిన్ని పొడి చీర ఇస్తానంటే అమ్మ వద్దంది, "వస్తది, గిప్పుడే వస్తది అత్తమ్మ," అంటూ కూర్చుంది. బడి నుంచి వచ్చిన నవనీత అమ్మ పక్కన ఒదిగి కూర్చుంది. ఇద్దరూ వాన చూస్తూ కూర్చున్నారు. దీపాల వేళకు టింగు టింగుమని వినపడింది. అమ్మ గభాలున లేచి నిలబడింది, చీర కుచ్చిళ్లు సర్దుకొని, తప్పు చేసినదానిలా.

చెక్క రంగు తేలుతోంది. మట్టి కింద ముదురు ఎరుపు, పాత రక్తం రంగు అనుకొని, ఛీ, బెల్లం రంగు అని దిద్దుకుంది. అంచు ఒకటి గుండ్రంగా, మనుషుల ఒరిపిడికి అరిగినట్టు నునుపుగా ఉంది. ఉప్పు కాగితం అక్కర లేకుండానే అంత నునుపు ఎక్కడిది. అంచు పొడుగునా నవారు ఒరుసుకున్న పల్లాలు, దగ్గరదగ్గరగా. కాగితం ఆగింది. ఆ పల్లాల మధ్య ఒకచోట గీతలు. మేకుతో గీసినవి కావు, కత్తితో గీసినవి కావు. సన్నవి, ఏటవాలువి, ఒకదాని మీద ఒకటి, ఒకే వైపుకు వాలినవి, అన్నీ అరచేయంత జాగాలో. ఒకే మనిషి ఒకే చోట, ఒకే తీరుగా, ఏళ్ల తరబడి కూర్చొని లేస్తే, ఆ మనిషి నడుముకు ఇనుప చెవి ఉంటే, పడే గీతలు. చెక్క నుంచి ఒక వాసన లేచింది. అమృతాంజనం, పొగాకు, వేడికి మాగిన నవారు. నవనీత చెయ్యి తీసేసింది. చెక్క ఒడిలో బరువుగా అట్లాగే ఉంది, ఎవరో తల పెట్టుకున్నట్టు.

నాయనమ్మ మంచం పట్టె ఇది. చావు మంచం ఇంట్లో ఉండకూడదు. చాకలోళ్లకు ఇచ్చేశారని చెప్పారే, మరి ఇది ఇక్కడ ఎట్లా. నాయిన ఇయ్యలేకపోయి ఉంటాడు, ఊడదీసి, పట్టెలు పట్టెలుగా చేసి, ఎవరికీ కనపడకుండా కర్రల కుప్పలో దూర్చి ఉంటాడు. నాయిన అట్లాంటివాడే, అవునని చెప్పి ఊరుకుంటాడు. ఇప్పుడు ఇది ఏం చేయాలి. పారేయాలి. పారేస్తే ఇంకో చెక్క లేదు, పొద్దు చింతచెట్టు కొమ్మల్లోకి దిగింది, హుజూర్‌నగర్ దాటినమని నాయిన ఫోను చేశాడని చంద్రకళ పిన్ని ఇందాకే గోడ మీంచి కేకేసింది. ఆరు నెలలు ఊరి మాట తప్పకుండా ఇల్లు మూసి, ఇవాళ తెరిచే రోజున ఆ మంచం పట్టెనే ఇంట్లోకి తీసుకుపోతే, అమ్మ ఏమంటుంది, అత్త ఏమంటుంది. అత్త అప్పుడే అంది కదా. సూర్యాపేట దవాఖానలో డాక్టరు ఇక ఇంటికి తీసుకపోండి అన్నప్పుడు అత్త కోదాడ తీసుకుపోతానంది, అక్కడ ఇంకో డాక్టరు ఉన్నాడంది. నాయనమ్మ మాత్రం అమ్మ కొంగు పట్టుకొని, అత్త కొంగు కాదు, అమ్మ కొంగే పట్టుకొని, "ఉమా, నన్ను నా ఇంటికి తోలుకపో," అంది. అమ్మ తెచ్చింది. ఆటోలో దారి పొడుగునా నాయనమ్మ తల అమ్మ ఒడిలో, కాళ్లు నవనీత ఒడిలో. పచ్చటి పొలాలు వెనక్కి పోతుంటే నాయనమ్మ చెయ్యి నడుం దగ్గరే తచ్చాడుతోంది. తర్వాత, అంతా అయిపోయాక, అత్త ఏడుస్తూనే అంది, "ఇంటికి తీసుకురాకపోతే ఇల్లు మూతపడేదా? నా మాట విన్నారా ఎవరైనా?" అని, చల్లబడిన నడుం నుంచి ఆ తాడు విప్పి, అందరూ చూస్తుండగా తన నడుముకు కట్టుకుంది. అమ్మ గిన్నెలు బోర్లిస్తూ ఉంది. ఇంటికి తాళం వేసింది కూడా అత్తే.

పారేయలేదు. ఎందుకో తెలియదు. గీతల మీద బొటనవేలు పెట్టి చూసింది, వేలు ఆగిన చోట కొక్కెం రావాలనిపించింది. తుమ్మకట్టెకు కొక్కెం ఊరికే ఎక్కదు, ముందు మొల దిగగొట్టి, పీకి, ఆ బెజ్జంలో కొక్కేన్ని చేత్తో తిప్పాలి. మొల నిలబెట్టింది. సుత్తె ఎత్తింది. గట్టిగా కొడితే ఆ చప్పుడు తలుపు దాటి లోపలికి పోతుందని భయమేసింది. లోపల ఎవరున్నారు, ఎవ్వరూ లేరు, అయినా పోతుంది. అందుకని మెల్లగా కొట్టింది. టక్, టక్, టక్. ఆగింది. విన్నది. మళ్లీ టక్, టక్, టక్. ఆగింది. చింతచెట్టు మీద పిట్టలు గోలగోలగా ఉన్నాయి, దూరంగా కాలువ గట్టు మీద ట్రాక్టరు పోతోంది, ఆ చప్పుళ్ల కింద మూసిన ఇంటి నిశ్శబ్దం ఒకటి వేరేగా వినపడుతోంది, బావిలోకి వంగితే వినపడేట్టు. టక్, టక్, టక్.

సుత్తె గాల్లోనే ఆగిపోయింది.

నాయనమ్మ పోయిన రోజు కూడా పొద్దు ఇక్కడే ఉంది, కిటికీలోంచి చింతచెట్టు నీడ మంచం మీద పడుతోంది. అమ్మ వెనకాల నీళ్లు కాస్తోంది, నాయిన అత్తకు ఫోను చేయడానికి సిగ్నలు కోసం డాబా ఎక్కాడు. మంచం పక్కన నేల మీద నవనీత ఒక్కతే. పొద్దున్నుంచి కళ్లు తెరవని నాయనమ్మ కళ్లు తెరిచి, చక్కగా, జ్వరం లేని గొంతుతో, "ఎవరో దర్వాజ కొడుతున్రు, సూడు," అంది. దర్వాజ బార్లా తెరిచే ఉంది. ఎండ గడప దాటి లోపలికి వచ్చి ఉంది. "ఎవ్వరు లేరు నాయనమ్మా," అంది నవనీత. "కొడుతున్రు. మూడు కొట్టి ఆగుతున్రు. మల్ల కొడుతున్రు." కొంచెంసేపు విని నవ్వింది కూడా. "సిగ్గుపడుకుంట కొడుతున్నట్టుంది పాపం. ఎంతసేపటి సంది నిలవడ్డదో. తియ్యరాదే." దర్వాజ తెరిచే ఉందని ఎట్లా చెప్పాలో తెలియక, "ఎవ్వరు లేరు," అని మళ్లీ అంది. నాయనమ్మ చెయ్యి నడుం దగ్గర తాడు కోసం వెతికింది, తాళంచెవి మంచం పట్టెకు తగిలి టింగుమంది, చెయ్యి చెవిని పట్టుకుంది గాని ఎత్తలేకపోయింది. దీపాలు పెట్టే వేళకు పోయింది. ఆ మాట నవనీత ఎవరితోనూ చెప్పలేదు, అందరూ అంత ఏడుస్తుంటే చెప్పేంత మాటా అది. ఆరు నెలలు కిరాయి రూములో నిద్ర పట్టనప్పుడల్లా ఆ కొట్టింది ఎవరని తనను తానే అడిగింది. ముందే పోయిన తాత గొర్రెలు తోలుకొని తిరిగొచ్చాడేమో అనుకుంది. యముడు అనుకొని దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. యముడు సిగ్గుపడుతూ కొడతాడా.

చేతిలో సుత్తె. ఒడిలో ఆ పట్టె. వెనక ఆ తలుపు. అయితే లోపల ఆ సాయంత్రమే ఇంకా ఉందా. ఇల్లు మూసినప్పుడు గిన్నెలతో పాటు, దండెం మీది బట్టలతో పాటు, ఆ సాయంత్రం కూడా లోపలే ఉండిపోయిందా, అదే ఎండ, అదే చెట్టు నీడ, నాయనమ్మ కళ్లు తెరిచి వింటోందా, పక్కన నేల మీద ఒక పిల్ల కూర్చొని ఎవ్వరు లేరు, ఎవ్వరు లేరు అంటోందా. భయం వీపు మీది నుంచి మెడ దాకా పాకింది. లేచి చంద్రకళ పిన్ని ఇంటికి పోదామనుకుంది, టీవీ నడుస్తుంది, మనుషులు ఉంటారు. లేవలేదు. లేవకపోవడమే మేలైంది, ఎందుకంటే భయం వెనకాలే ఇంకోటి వచ్చింది, దానికి పేరు తెలియదు. ఎంతసేపటి సంది నిలవడ్డదో అని జాలిపడింది తన మీదేనా. తియ్యరాదే అని బతిమిలాడింది తన కోసమేనా. ఎవరికీ తాళం ఇయ్యని మనిషి, ఆఖరికి చెయ్యి ఎత్తలేక ఎత్తబోయింది ఇయ్యడానికేనా. టక్, టక్, టక్. ఈసారి కావాలనే అట్లా కొట్టింది. మొల దిగింది. పీకింది. తిప్పుతుంటే కొక్కెం తిన్నగా ఎక్కింది, గీతలకు సరిగ్గా పైన.

బండి చప్పుడు, ఆ వెంటనే ఆవు మెడ గంట, రెండూ ఒకేసారి వాకిట్లోకి వచ్చాయి. నవనీత చెక్కను వెనక దాచుకొని లేచింది. అత్త బండి దిగి మోకాలు పట్టుకొని నిలబడింది. "రోడ్డంతా గుంతలే. మీ నాయన నన్ను ఎముకలు లెక్కపెట్టుకోమని తీసుకొచ్చాడే," అంది నవనీతతో. ఇన్నేళ్ల కోదాడ కాపురంతో అత్త మాట తీరు మారింది. మాట అంటూనే ఇంటిని చూసింది, ముఖం మారిపోయింది. అమ్మ వాకిలి చివరనే, ఆవు పలుపు పట్టుకొని ఆగిపోయింది, ముందుకు రాలేదు. నాయిన బండి స్టాండు వేయడానికి అవసరం కంటే ఎక్కువసేపు వంగి ఉన్నాడు. చంద్రకళ పిన్ని గోడ మీద చేతులు ఆనించి నిలబడింది. అత్త నడుం మీద చెయ్యి వేసుకుంది, చీర కింద తాళంచెవి ఆకారం తెలుస్తోంది. పొద్దు చింతచెట్టు కిందికి దిగింది.

"దాచావేంటే వెనకాల?" అంది అత్త. నవనీత చెక్క ముందుకు చాపింది, అంతే.

"తాళాల చెక్కనా? కొన్నావా?"

తల అడ్డంగా ఊపింది. అత్త తీసుకొని అటూ ఇటూ తిప్పింది. మెచ్చుకోబోతున్నట్టు నవ్వింది. వేలు అంచు మీద నడిచి ఒకచోట ఆగింది. ఆ ముఖాన్ని నవనీత చూడలేక ఆవును చూసింది. "ఇది అమ్మ మంచం పట్టె," అంది అత్త.

అమ్మ పలుపు వదిలేసి వచ్చింది. "ఏడిదే ఇది? మంచం ఇచ్చేసినమంటిరి కద?" అని నాయిన వైపు తిరిగింది. నాయిన నేల చూశాడు. "ఇయ్యబుద్ధి కాలె," అన్నాడు. "సచ్చినోళ్ల మంచం కట్టెను గోడకు కొడ్తరా పిల్లా ఎవరన్న?" అంది పిన్ని గోడ అవతల నుంచి, తిట్టినట్టు కాదు, భయపడ్డట్టు. అత్త అరుగు మీద కూలబడింది. చీర పక్కకు తీసి, నడుం తాడు ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది, ఆరు నెలల ముడి. తాళంచెవిని ఆ గీతల మీద పెట్టి చూసింది. ఒక్కొక్క గీతా ఆ చెవి పళ్లదే. అత్త ఏడవలేదు. కొంగుతో చెవిని తుడిచింది.

"ఉమా, నీ చేతికి ఇయ్యమంటే నావల్ల కాదే. ఉన్నమాట చెప్తున్నా. ఇస్తే మా అమ్మ ఇంకోసారి పోయినట్టు ఉంటుంది," అంది. "దీనికైతే తగిలిస్తా. ఇన్నేళ్లూ దీనికే ఆనుకొని ఉన్నది కదా. కాని ఇది లోపల ఉండొచ్చో లేదో ఇంటిదానివి, నువ్వు చెప్పాలి. నీకు భయమైతే వద్దు."

అమ్మ చెక్కను చూసింది. తలుపును చూసింది. "ఆమె ఉన్ననాడు భయపడ్డ వదినె," అంది. "ఇగ ఇప్పుడేం భయం. తగిలియ్యి."

అత్త తగిలించింది. కొక్కేనికి తాళంచెవి వేలాడింది, చెక్కకు తగిలి టింగుమంది. ఆ చప్పుడుకు నాయిన తల ఎత్తాడు. అత్త చెక్కను రెండు చేతులతో పట్టుకొని, గోడలా, అమ్మ ముందు నిలబడింది. అమ్మ చెయ్యి చీరకు తుడుచుకుంది. ఎవరినీ అడగలేదు. కొక్కెం మీది నుంచి తీసుకుంది, ఉంగరంలో చూపుడు వేలు దూర్చి ఒక్క క్షణం అట్లాగే పట్టుకుంది, తిప్పలేదు. ఆవును నాయిన గడప దగ్గరికి నడిపించాడు. అమ్మ సాలెగూడు తుడిచి తాళంలో చెవి పెట్టింది.

"అమ్మా, ఆగు," అంది నవనీత.

ఆ మాట వాకిలంతా వినపడింది. పిన్ని కూడా చూసింది. నవనీత ఆవు పక్క నుంచి దూరి తలుపు దగ్గరికి పోయింది. దుమ్ము మీద వేళ్ల గుర్తులు పడేట్టు, మూడుసార్లు తట్టి ఆగింది. అవతల ఎండలో, చెట్టు నీడలో, నేల మీద కూర్చున్న ఆ పిల్ల ఎవ్వరు లేరని చెప్పేలోపే చెప్పాలి.

"నేనే నాయనమ్మా," అంది. "నవనీతను. తియ్యి."

అమ్మ తాళం తిప్పింది.